1/35 లారీ నమూనా మీద కాన్వాసు పట్టా: గుడ్డ ఎందుకు కుదరదు, ఏది కుదురుతుంది

గుంటూరు నుంచి ఒక మిత్రులు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆయన 1/35 కొలతలో, అంటే అసలు లారీలో 35వ వంతు పరిమాణంలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ జీఎంసీ రెండున్నర టన్నుల లారీ కిట్టును (విడి ప్లాస్టిక్ భాగాలు అతికించి చేసే నమూనాను) కడుతున్నారు. కిట్టుతో వచ్చిన ప్లాస్టిక్ పట్టా పెట్టెమూతలా బిగుసుకుపోయి ఉండటంతో దాన్ని పక్కన పెట్టి, పలుచని చేతిరుమాలును ఫెవికాల్ నీళ్ళలో ముంచి కమానుల (పట్టాను మోసే వంపు కడ్డీల) మీద కప్పారు. ఆరిన తర్వాత అది బొమ్మ మీద ఆరేసిన దుప్పటిలా కనిపిస్తోందట. ఏ పదార్థం వాడాలి, ముడతలు ఎలా తీసుకురావాలి, రంగు ఎలా వేయాలి, నమూనాల సామాను అమ్మే దుకాణం లేని మన ఊళ్ళలో ఏమి దొరుకుతాయి అన్నవి ఆయన సందేహాలు.

ముందుగా సమాధానం: ఈ కొలతలో గుడ్డ పనికిరాదు. కప్పిన పట్టాకు ముఖం తుడుచుకునే టిష్యూను పొరలుగా విడదీసి, ఒక్కో పొరనూ నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో వాడండి. చుట్టి కట్టిన పట్టాకు ఎపాక్సీ పుట్టీ (రెండు ముద్దలు కలిపితే గట్టిపడే పదార్థం) వాడండి. పట్టీలకు, చిన్న మూతలకు వంటింటి అల్యూమినియం రేకు సరిపోతుంది. ఇవన్నీ కిరాణా కొట్టులో, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికేవే. అయితే పదార్థం మార్చుకున్నంత మాత్రాన పని పూర్తి కాదు. పట్టాను ఎక్కడ కట్టారో, దాని కింద ఏముందో చూసేవారికి అర్థమైనప్పుడే అది నిజమైన పట్టాలా కనిపిస్తుంది. విజయవాడలో 20 ఏళ్ళుగా ఈ పని చేస్తూ, చెడగొట్టుకుంటూ, మళ్ళీ చేస్తూ నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది కాబట్టి, దాన్ని కొంచెం వివరంగా రాస్తాను.

గుడ్డ ఎందుకు వద్దో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. లారీల మీద కప్పే నూలు కాన్వాసు మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు అనుకుంటే, 35తో భాగించినప్పుడు 0.02 మిల్లీమీటర్లు వస్తుంది. మనం రాసుకునే మామూలు తెల్ల కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు, అంటే నమూనా మీద అది 3.5 మిల్లీమీటర్ల పలక అవుతుంది. చేతిరుమాలు సంగతి ఇంకా కష్టం. అందులో ఒక్కో పోగుకూ మధ్య దూరం సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది. 35 రెట్లు పెంచితే అది సెంటీమీటరు దాటుతుంది. అంటే మీ లారీ మీద ఉన్నది వేలి లావు తాళ్ళతో అల్లిన నులకమంచం లాంటిది. మందుల దుకాణంలో దొరికే గాజుగుడ్డను కొందరు సిఫారసు చేస్తారు కానీ దాని కళ్ళు ఒక మిల్లీమీటరు దాకా ఉంటాయి, ఈ కొలతలో అది చేపల వలే అవుతుంది. ఆ మాటకొస్తే గాజుగుడ్డను వలగానే, ట్యాంకుల మీద పరిచే మభ్యపెట్టే వలగానే వాడుకోవచ్చు, అక్కడ అది చక్కగా ఒదుగుతుంది.

రెండో కారణం బరువు. పెద్ద పట్టా తన బరువుతో తానే వంగుతుంది, అంచుల దగ్గర వేలాడుతుంది, రెండు కమానుల మధ్య జోలెలా దిగుతుంది. అరచేయంత గుడ్డముక్కకు ఆ బరువు లేదు, దాని బిరుసు మాత్రం తగ్గలేదు. అందుకే అది ఎంత పలుచని పట్టుగుడ్డ అయినా మూలల దగ్గర గొడుగులా విచ్చుకుని నిలబడుతుంది. ఫెవికాల్‌లో తడిపితే కొంత లొంగుతుంది కానీ ఆరేటప్పుడు మళ్ళీ తన దారికి పోతుంది. టిష్యూ అలా కాదు. తడిసినప్పుడు దానికి సొంత బిరుసు దాదాపు ఉండదు. మీరు ఎలా పెడితే అలా ఉంటుంది. దీనిలోని కష్టం కూడా అదే, ఏ ముడతా దానంతట అది రాదు, ప్రతి ముడతనూ మీరే తెలిసి పెట్టాలి.

కాబట్టి ముందు ముడతలను చూడటం నేర్చుకోవాలి. మన భాషలో మడత, ముడత అని రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి, ఈ పనిలో ఆ తేడా చాలా ఉపయోగపడుతుంది. పట్టాను విప్పేముందు అది మడిచి ఉంటుంది. అందుకే కొత్తగా విప్పి కప్పిన పట్టా మీద అడ్డంగా, నిలువుగా సమాన దూరాల్లో మడత గీతలు కనిపిస్తాయి, మడత పెట్టిన పంచెను విప్పి కట్టుకున్నప్పుడు గీతలు కనిపించినట్టే. ముడత లాగుడు వల్ల వస్తుంది. తాడు కట్టిన చోటి నుంచి ముడతలు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. రెండు కట్ల మధ్య వదులుగా ఉన్న చోట అవి అర్ధచంద్రాకారంలో కిందికి దిగుతాయి. ఎక్కువైన గుడ్డను ఒక మూలకు పోగుచేసి కట్టినప్పుడు కుచ్చిళ్ళు ఏర్పడతాయి. కొత్తగా నేర్చుకునేవారు పట్టా అంతటా చిన్నచిన్న ముడతలు నింపేస్తారు, నేనూ మొదట అలాగే చేశాను. నిజమైన పట్టా మీద ముడతలకు ఆరంభం, అంతం ఉంటాయి. కట్టు దగ్గర లోతుగా మొదలై, దూరం పోయేకొద్దీ సన్నబడి చివరికి కలిసిపోతాయి. కమాను మీద బిగువుగా ఉన్న భాగం దాదాపు నున్నగానే ఉంటుంది. ఆ నునుపును అలాగే వదలడానికి ధైర్యం కావాలి.

మీరు గుంటూరులోనే ఉన్నారు కాబట్టి మిర్చి యార్డు దగ్గర ఒక ఉదయం గడపమని చెబుతాను. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తిన లారీలు పట్టాలు కప్పుకుని బయటికి వస్తుంటాయి. మోకు ఎక్కడ బిగించారో అక్కడ పట్టా ఎలా నొక్కుకుపోయిందో, రెండు మోకుల మధ్య బస్తా మూల ఎలా పొడుచుకొచ్చిందో, వెనక వైపు మిగిలిన గుడ్డను పొట్లం కట్టినట్టు ఎలా మడిచి బిగించారో గమనించండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇప్పుడు లారీల మీద కనిపించేవి చాలావరకు ప్లాస్టిక్ పట్టాలు. అవి మెరుస్తాయి, పదునైన గీతలతో విరిగినట్టు మడుచుకుంటాయి, గాలికి ఉబ్బుతాయి. 1944 నాటి లారీ మీద ఉన్నది మైనం, నూనె వంటివి పట్టించిన నూలు కాన్వాసు. అది బరువైనది, ముడతలు గుండ్రంగా వస్తాయి, మెరుపు ఉండదు. అందువల్ల సరుకు ఆకారాన్ని, కట్టే పద్ధతిని మిర్చి లారీల దగ్గర నేర్చుకోండి, గుడ్డ స్వభావాన్ని మాత్రం అక్కడ నుంచి తీసుకోకండి.

గుడ్డ స్వభావం కోసం నేను చేసిన పని ఏమిటంటే, వన్‌టౌన్‌లో రెండు మీటర్ల మందపాటి నూలు కాన్వాసు కొని, మేడ మీద వరసగా పెట్టిన కుర్చీల మీద కప్పి, నాలుగు మూలలా తాళ్ళతో బిగించి, సాయంత్రం ఏటవాలు ఎండలో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాను. తర్వాత బకెట్ నీళ్ళు పోసి తడిపి మళ్ళీ తీశాను. తడిసినప్పుడు నూలు పోగులు ఉబ్బి, గుడ్డ బిగుసుకుంటుంది. ఆరాక మళ్ళీ వదులవుతుంది. వానలో నిలిచిన లారీకి వదులు పట్టా, ఎండలో దుమ్ముకొట్టుకున్న లారీకి డోలు చర్మంలాంటి బిగువు పట్టా చేస్తే తప్పు ఎక్కడుందో చెప్పలేకపోయినా చూసేవారికి ఏదో తేడాగా అనిపిస్తుంది. ఆ ఫొటోలు ఇప్పటికీ నా పనిబల్ల ముందు గోడకు అంటించి ఉన్నాయి. ఈ పనిలో నేను పెట్టిన ఖర్చుల్లో ఆ రెండు మీటర్ల గుడ్డంత ఫలితం ఇచ్చినది మరొకటి లేదు.

ఇంకో పాఠం ఆటోనగర్‌లో పట్టాలు కుట్టే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. నేను చేసిన నమూనా ఫొటో చూపిస్తే ఆయన కాసేపు చూసి, "ఇంత పెద్ద పట్టాకు అతుకు ఒక్కటీ లేదేమిటండీ?" అని అడిగారు. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. కాన్వాసు పరిమితమైన పన్నాతోనే (వెడల్పుతోనే) మగ్గం నుంచి వస్తుంది. పన్నా గజం, అంటే 36 అంగుళాలు అనుకుంటే, పెద్ద పట్టాను అలాంటి ముక్కలు పక్కపక్కన పెట్టి, అంచులు ఒకదానిలో ఒకటి మడిచి, రెండు వరసల కుట్టు వేసి తయారుచేస్తారు. 1/35 కొలతలో గజం అంటే 26 మిల్లీమీటర్లు. అంటే మీ జీఎంసీ పట్టా మీద ప్రతి 26 మిల్లీమీటర్లకు ఒక అతుకు గీత రావాలి. అతుకు దగ్గర గుడ్డ నాలుగు పొరలు ఉంటుంది కాబట్టి అక్కడ పట్టా గట్టిగా నిలబడి, రెండు అతుకుల మధ్య కాస్త దిగుతుంది. ఈ ఒక్క వివరం చేర్చిన తర్వాత నా పట్టాల రూపమే మారిపోయింది.

ఇక చేసే విధానం. పట్టా కింద ఏముందో ముందు తయారు చేయండి. ఖాళీ లారీ అయితే కమానులు చాలు. సరుకు ఉంటే ఆ సరుకు ఆకారం నిజంగానే లోపల ఉండాలి, పైనుంచి ఊహించి ముడతలు పెడితే కుదరదు. పెట్టెలకు అట్టముక్కలు, బస్తాలకు పుట్టీ ముద్దలు వాడతాను. థర్మోకోల్ తేలికగా కోసుకోవచ్చు కానీ స్ప్రే రంగులోని ద్రావకం టిష్యూలోని సన్నని రంధ్రాల గుండా వెళితే అది లోపల కరిగిపోతుంది. మన సైన్యం వాడిన శక్తిమాన్ లారీ ఒకదాన్ని నేను ప్లాస్టిక్ షీట్లతో ఆరునెలలు కట్టి, థర్మోకోల్ సరుకు మీద పట్టా కప్పి, రంగు కొట్టిన మర్నాడు చూస్తే పట్టా మధ్యలో గుంట పడి ఉంది. అప్పటి నుంచి థర్మోకోల్ వాడవలసి వస్తే ముందు దాని మీద రెండు పూతలు చిక్కని ఫెవికాల్ వేసి మూసేస్తున్నాను.

తర్వాత నిర్ణయించుకోవలసింది పట్టా ఊడి రావాలా, అతుక్కుని ఉండాలా అన్నది. నేను ఎప్పుడూ ఊడి వచ్చేలాగే చేస్తాను, ఎందుకంటే లోపలి వైపుకూ రంగు వేయవచ్చు, లారీకి విడిగా రంగు వేసుకోవచ్చు. దీనికి కమానుల మీద, సరుకు మీద ఆహారం చుట్టే పలుచని ప్లాస్టిక్ పొరను బిగువుగా కప్పితే చాలు, ఫెవికాల్ దానికి గట్టిగా పట్టుకోదు.

టిష్యూలో సాధారణంగా రెండు పొరలు ఉంటాయి. మూల దగ్గర వేలితో రుద్దితే విడిపోతాయి. పువ్వుల అచ్చులు, చుక్కల అచ్చులు లేని నున్నని రకం ఎంచుకోండి, ఆ అచ్చులు రంగు వేశాక బయటపడతాయి. ఒక పొరను కావలసిన దానికంటే అన్ని వైపులా సెంటీమీటరు ఎక్కువగా కత్తిరించి, అంచును ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున లోపలికి మడిచి ఫెవికాల్‌తో అంటించి ఆరనివ్వండి. పచ్చిగా కత్తిరించిన అంచు కాగితంలాగే కనిపిస్తుంది, మడిచిన అంచు గుడ్డలా కనిపిస్తుంది. ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్ళు కలిపి, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేయండి. ఆ చుక్క వల్ల నీరు గుండ్లు కట్టకుండా కాగితంలోకి వెంటనే ఇంకుతుంది. టిష్యూను పొడిగానే కమానుల మీద పరిచి, మెత్తని కుంచెతో మధ్య నుంచి అంచుల వైపు అద్దుకుంటూ పోవాలి. కుంచెతో రాస్తే చిరుగుతుంది, అద్దితే చిరగదు. మొదటి పొర పూర్తిగా ఆరాక రెండో పొరను దాని మీదే వేసి అవే ముడతల్లోకి నొక్కాలి. రెండు పొరలు చాలు, మూడు దాటితే మందం తెలిసిపోతుంది.

రెండో పొర వేసిన తర్వాత 10 నుంచి 15 నిమిషాలకు ఒక దశ వస్తుంది. పైన నీటి మెరుపు పోయి మందగిస్తుంది, కానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ముడతలు దిద్దవలసిన సమయం అదే. అంతకు ముందు ముట్టుకుంటే చిరుగుతుంది, ఆ తర్వాత ముట్టుకుంటే విరుగుతుంది. పళ్ళపుల్ల మొన తడిపి ముడత లోతును నొక్కండి, పట్టకారుతో కట్టు పడే చోట కొద్దిగా లాగండి. అతుకుల కోసం 0.7 మిల్లీమీటర్ల వెడల్పున కోసిన టిష్యూ పట్టీలను ఈ దశలోనే అంటిస్తే అవి పట్టాతో పాటు వంగుతాయి. ఆరిన తర్వాత అంటించిన పట్టీ ముడత మీద వంతెనలా నిలిచిపోతుంది.

తాళ్ళ విషయం కూడా ఇంతే, దీన్ని నేను ప్రత్యేకంగా నొక్కి చెబుతాను. చాలామంది పట్టా ఆరి, రంగు కూడా వేశాక తాళ్ళు కడతారు. అప్పుడు తాడు పట్టా మీద గీసిన గీతలా పడి ఉంటుంది. తాడును పచ్చి దశలోనే వేసి బిగించండి. అప్పుడే అది గుడ్డలోకి దిగి, రెండు పక్కలా గుడ్డ ఉబ్బి, మిర్చి లారీ మీద చూసిన ఆ నొక్కు వస్తుంది. ఆరాక ఆ తాడు తీసేసి, రంగు వేసిన తర్వాత అదే గాడిలో కొత్త తాడు వేయవచ్చు. 12 మిల్లీమీటర్ల తాడు 1/35లో 0.34 మిల్లీమీటర్లు అవుతుంది. మిషను దారం రెండు మూడు పోగులు పురి వేసి, కొవ్వొత్తి మైనం మీద లాగితే నూగు అణుగుతుంది. వేలాడే కొసలకు మాత్రం దారం వద్దు, ఇందాక చెప్పిన బరువు సమస్యే అక్కడా వస్తుంది, కొస గాలిలో నిలబడుతుంది. పాత కరెంటు తీగలోని సన్నని రాగి పోగులు పురి వేసి వాడితే ఎలా వంచితే అలా వేలాడుతుంది.

పట్టా అంచున ఉండే లోహపు రింగుల దూరాన్ని మీరు చేస్తున్న లారీ ఫొటోల్లోనే చూసుకోండి. మన దగ్గర నేను కొలిచిన పట్టాల్లో రెండు నుంచి మూడడుగుల దూరం ఉంది, అంటే నమూనా మీద 17 నుంచి 26 మిల్లీమీటర్లు. రింగు అచ్చు కోసం 26 గేజి ఇంజెక్షన్ సూది మొనను కోసి చదును చేసుకుంటే దాని బయటి వ్యాసం 0.46 మిల్లీమీటర్లు, అంటే నిజంలో 16 మిల్లీమీటర్ల రింగు. అల్యూమినియం రేకు మీద ఆ సూదితో నొక్కి, చుట్టూ కోసి అంటిస్తాను. వాడేసిన సూదులు ఎక్కడా తీసుకోకండి, కొత్తవే కొనండి.

అల్యూమినియం రేకు గురించి రెండు మాటలు. మందం లెక్కలో మన కొలతకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది అదే. 11 మైక్రాన్ల (0.011 మిల్లీమీటర్ల) రేకు 35 రెట్లు పెంచితే సుమారు 0.4 మిల్లీమీటర్లు. కానీ దాని ముడతలు పదునుగా, నలిగిన కాగితంలా వస్తాయి. పెద్ద పట్టాకు అది పనికిరాదు. తుపాకీ గొట్టం మూతికి తొడిగే చిన్న తొడుగుకు, తోలు పట్టీలకు, 1/72 కొలతలో పనిచేసేవారికి మాత్రం బాగుంటుంది.

చుట్టిన పట్టా వేరే పని. అమెరికన్ షెర్మన్ ట్యాంకు వెనక భాగాన కట్టి తీసుకెళ్ళిన చుట్టలు మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. టిష్యూతో చుట్ట చేస్తే ఖాళీగా, తేలిగ్గా, సిగరెట్టులా కనిపిస్తుంది. దానికి పుట్టీ కావాలి. మిల్లీపుట్ అనే ఎపాక్సీ పుట్టీ దొరికితే మంచిది, గంటకు పైగా మెత్తగా ఉంటుంది. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే ఎం-సీల్ పనికొస్తుంది కానీ త్వరగా గట్టిపడే రకం కొనకండి, ముడతలు దిద్దే లోపలే బిగుసుకుపోతుంది. దాని పలుకు కొంత గరుకుగా ఉంటుంది, తడి వేలితో నిమిరితే చాలావరకు సర్దుకుంటుంది. కలిపేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, ఎపాక్సీ కొందరి చర్మానికి పడదు. గాజు పలక మీద టాల్కం పౌడరు చల్లి, గుండ్రని సీసాతో అర మిల్లీమీటరు మందానికి ఒత్తి, అరగంట వదిలేస్తే చపాతీ పిండిలా సాగే గుణం తగ్గి తోలులా మారుతుంది. అప్పుడు మధ్యలో ఒక పుట్టీ కడ్డీ పెట్టి దాని చుట్టూ ఒకటిన్నర చుట్లు తిప్పితే కొసల దగ్గర పొరలు కనిపిస్తాయి. చుట్ట మధ్యలో పట్టీ బిగించిన చోట నడుము సన్నబడాలి. రెండు పట్టీల మధ్య చుట్ట కాస్త దిగాలి. కట్టవలసిన చోటే ఉంచి ఆరనివ్వండి, లేకపోతే ట్యాంకు వంపుకు అది ఆనకుండా గాలిలో నిలుస్తుంది.

మన వాతావరణం గురించి ఇతర దేశాలవారు రాసిన పద్ధతుల్లో ఉండదు కాబట్టి ఇక్కడ చెప్పడం అవసరం. రోహిణి కార్తెలో ఫ్యాను కింద పనిచేస్తే నేను చెప్పిన 15 నిమిషాల దశ ఐదు నిమిషాలకే దాటిపోతుంది. అప్పుడు ఫ్యాను ఆపి, ఫెవికాల్‌లో నీళ్ళు కాస్త ఎక్కువ కలిపి, తెల్లవారుజామున పని పెట్టుకుంటాను. శ్రావణ భాద్రపదాల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. పైకి ఆరినట్టే ఉన్నా లోపలి మడతల్లో రెండు రోజుల వరకు తడి ఉంటుంది. ఒక వానాకాలం తొందరపడి రంగు వేసి డబ్బాలో పెట్టేశాను. పది రోజులకు లోపలి వైపు బూజు పట్టింది. ఇప్పుడు వానాకాలంలో చేసిన ప్రతి పట్టానూ లారీ నుంచి ఊడదీసి, బల్లదీపం వేడికి ఒక అడుగు దూరంలో ఒక రాత్రంతా ఉంచుతున్నాను.

రంగు వేసేముందు తప్పనిసరిగా ఒక మూత పూత వేయండి. మామూలు ఫెవికాల్ ఆరిన తర్వాత కూడా నీటికి మెత్తబడుతుంది. దాని మీద నీళ్ళతో కలిపే అక్రిలిక్ రంగులు ధారాళంగా వేస్తే ముడతలు కరిగి జారతాయి. స్ప్రే ప్రైమరు పలుచగా రెండు సార్లు కొడితే ఈ సమస్య తీరుతుంది. మోటారు వాహనాలకు వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులు ఆటోనగర్‌లో చౌకగా దొరుకుతాయి కానీ వాటి థిన్నరు కిట్టు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. నా మొదటి లారీ ముందు మడ్‌గార్డు అలాగే వంకరపోయింది. పట్టా ఊడదీసి విడిగా కొట్టేటట్టయితేనే వాటిని వాడండి, అదీ ఆరుబయట.

జీఎంసీకి ఏ రంగు వేయాలన్నది చాలామంది తడబడే చోటు. లారీకి వేసిన ఆకుపచ్చనే పట్టాకూ వేస్తే రెండూ ఒకే ముక్కలా కనిపిస్తాయి. అమెరికన్ సైన్యం కాన్వాసు సామగ్రిలో తొలినాళ్ళ ఆలివ్ డ్రాబ్ 3 అనే సైనిక రంగు లేత ఖాకీ వైపు ఉండేది. 1943 తర్వాత వచ్చిన ఆలివ్ డ్రాబ్ 7 ముదురు ఆకుపచ్చ. పాతవీ కొత్తవీ కలిసే వాడుకలో ఉండేవి కాబట్టి మీ లారీ మీద ఏది వేసినా తప్పు కాదు, లారీ రంగు నుంచి విడిగా కనిపించాలి అంతే. ఎర్ర బంతి గుర్తుతో 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 వరకు ఫ్రాన్సులో సరుకు మోసిన రెడ్ బాల్ దండులోని లారీగా మీరు దాన్ని చేయదలిస్తే, రాత్రీ పగలూ ఆగకుండా తిరిగిన బండి అని గుర్తుంచుకోండి. పట్టా అందులో అన్నిటికంటే అలసిన భాగంగా కనిపించాలి.

నేను ముందు మొత్తం మీద ముదురు రంగు వేసి, ముడతల లోతులను అలాగే వదిలి, ఎత్తులకు అసలు రంగును, వాటి మీద ఎండ నేరుగా తగిలే కమానుల వీపుకు ఇంకాస్త లేత రంగును పలుచని పూతలుగా వేస్తాను. లేత రంగు కోసం తెలుపు కలపకండి, కాన్వాసు వెలిసినప్పుడు తెల్లబడదు, పసుపు కలిసిన బూడిద రంగుకు వస్తుంది. కాబట్టి లేత గోధుమ రంగు కలపండి. తర్వాత ముదురు గోధుమ ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో బాగా పలుచన చేసి అతుకుల వెంట, రింగుల చుట్టూ నడిపించండి. రెండు కమానుల మధ్య నీళ్ళు నిలిచి ఆరిన చోట అంచు మాత్రమే ముదురుగా ఉండే మరక వస్తుంది, మన గోడల మీద వాన నీరు దిగిన మరకలాగే. దాన్ని ఒకటి రెండు చోట్ల వేస్తే చాలు. దుమ్ముకు సుద్ద రంగు కడ్డీలను ఉప్పుకాగితం మీద అరగదీసిన పొడి వాడతాను. దుమ్ము ముడతల్లోనూ, పట్టా కింది అంచునా నిలుస్తుంది, వీపు మీద నిలవదు. చివరికి మెరుపు ఎక్కడా లేకుండా పూర్తి మ్యాట్ వార్నిష్ వేయాలి. తడిసిన పట్టా కావాలంటే కూడా మెరుపు వద్దు, రంగును ముదురు చేయండి, తడిసిన కాన్వాసు ముందు నల్లబడుతుంది.

మీ దగ్గర ఇప్పుడున్న లారీని పారేయనక్కర్లేదు. ఫెవికాల్ నీటికి మెత్తబడే గుణం ఇప్పుడు మీకు ఉపకరిస్తుంది. పట్టా భాగం మునిగేలా గోరువెచ్చని నీళ్ళలో గంటసేపు ఉంచితే రుమాలు నిదానంగా ఊడివస్తుంది. నీళ్ళు చేతికి హాయిగా ఉన్నంత వేడి మించకూడదు, వేడి నీళ్ళకు కమానులు వంగుతాయి. లారీ మీద గుర్తుల అచ్చుకాగితాలు అంటించి పైన వార్నిష్ వేయకుండా ఉంటే వాటికి నీళ్ళు తగలకుండా, తడిగుడ్డతో తడుపుతూ కొంచెం కొంచెంగా లాగండి. కమానులకు మిగిలిన జిగురును పాత పళ్ళబ్రష్షుతో రుద్దితే పోతుంది. టిష్యూ పని మొదలుపెట్టిన తర్వాత మీ మొదటి పొర ఆరినప్పటి ఫొటోను, వీలైతే పక్క నుంచి వెలుతురు పడేలా తీసి ఇక్కడ పెట్టండి. రెండో పొర వేయకముందే ఏ ముడత ఎక్కడ మొదలవ్వాలో చూసి చెబుతాను.